వేరు లేని పన్ను

నా తోడల్లుడు గదిలోకి వచ్చేసరికి నేను నాలుక బయటపెట్టి, దానికో పన్ను ఆనించుకుని నిలబడి ఉన్నాను. నా పన్ను కాదు. కోట్ల ఏళ్ళ కిందట ఏదో రాక్షసబల్లి నోట్లోంచి రాలిందని చెబుతున్న పన్ను.

"ఏం అన్నయ్యా, ఇంట్లో వదిన అన్నం పెట్టడం మానేసిందా?" అన్నాడు.

నాలుక లోపలికి తీసుకున్నాను. ఈయనగారు ఈ ప్రాంతానికి పోలీసు ఇన్‌స్పెక్టరు. మా మామగారు పెద్దకూతుర్ని నాకిచ్చి బాధపడ్డాడు, చిన్నకూతుర్ని ఇతనికిచ్చి ఆ బాధ తీర్చుకున్నాడు. ప్రైవేటు డిటెక్టివ్ అంటే ఉద్యోగం దొరకనివాడు తలుపు మీద రాసుకునే మాట అని ఆ ఇంట్లో అందరి నమ్మకం.

"మూసేసిన కేసులో మీకేం పని?" అన్నాడు.

"నువ్వు మూశావు కాబట్టే నాకు పని దొరికింది, తమ్ముడూ."

ఆ గది పళ్ళ డాక్టరుది. ముందువైపు ఆయన క్లినిక్కు, మధ్యలో ఈ గది, వెనక పెరట్లో ఆయన బావమరిది పళ్ళ సెట్లు తయారుచేసే షెడ్డు. గదిలో ఉన్నదల్లా ఒక బల్ల, లోతు తక్కువ సొరుగుల బీరువా ఒకటి. సొరుగు లాగితే తెల్లటి దూది మీద వరసగా పళ్ళు. కొడవలిలా వంగి, అంచున సన్నటి రంపం ఉన్నవి మాంసం తినే వాటివి. బలపం ముక్కల్లా ఉన్నవి కొమ్మల మీది ఆకుల్ని దువ్వుకుని తినే పొడుగుమెడ జంతువులవి. బియ్యపుగింజంతవి కూడా ఉన్నాయి, భూతద్దం లేకపోతే రాతిపలుకే అనుకుంటాం. డాక్టరు పెళ్ళికి ముందు నుంచీ కూడబెట్టాడు వీటిని. సెలవు వస్తే చాలు, క్వారీలూ వాగుగట్లూ పట్టుకుని తిరిగేవాడట. దొరకని రకాలు తనలాంటి పిచ్చివాళ్ళ దగ్గర మార్పిడి చేసుకునేవాడట.

వానలకి ముందు ఒక ఆదివారం అలాగే బయల్దేరాడు, తిరిగి రాలేదు. స్కూటరు రైల్వేస్టేషన్ బయట దొరికింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి పార్సిళ్ళు మొదలయ్యాయి. ఉత్తరం లేదు, పంపినవాడి పేరు లేదు. చిన్న డబ్బా, దూది, దూదిలో ఒక పన్ను. ఒక్కోసారి ఒక్కో ఊరి ముద్ర. వచ్చినవాటిని డాక్టరు భార్య అడుగుసొరుగులో విడిగా పెట్టింది.

ఆవిడ బీరువా పక్కనే నిలబడి ఉంది. హైస్కూల్లో లెక్కల టీచరు. మాట తక్కువ, చూపు ఎక్కువ. భర్త పళ్ళద్దాలు, అంటే పళ్ళు చూసుకునే భూతద్దాలు, మెడలో వేసుకుని తిరుగుతోంది. నాతో మాట్లాడుతున్నంతసేపూ ఒక చెయ్యి వాటి మీదే ఉంది.

"మేడమ్, మీకు మళ్ళీ చెప్తున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పళ్ళు పంపుతున్నాడంటే మనిషి బతికే ఉన్నాడు. బతికున్న మొగుడు ఇంటికి రాకపోతే అది పోలీసు కేసు కాదు, పెళ్ళాం కేసు. ఊరూరా తిరుగుతున్నాడు, బహుశా తోడు కూడా ఉండి ఉంటుంది. ఈయన మీకేదో ఆశ పెడితే నన్ననకండి."

"ఆశ ఈయన పెట్టలేదండీ," అంది టీచరమ్మ. "పార్సిళ్ళు పెట్టాయి."

తోడల్లుడు గొంతు సవరించుకున్నాడు. నాకు లోపల భలే సంతోషం కలిగింది కానీ మొహంలో కనపడనివ్వలేదు.

"టీచరుగారూ," అన్నాను, "పైసొరుగుల్లో పళ్ళకీ అడుగుసొరుగులో పళ్ళకీ ఒక తేడా ఉంది. పైవాటిలో ఒక్కదానికీ వేరు లేదు. కిందవాటికి అన్నిటికీ ఉంది. ఎందుకని?"

ఆవిడ పైసొరుగు లాగి, నా బొటనవేలంత పన్ను ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుంది. అడుగున వేరు ఉండాల్సినచోట చిన్న గుంట ఉంది.

"ఆయన ఊడిన పళ్ళే ఉంచుకునేవారు," అంది. "ఆ జంతువులకి మనలాగా రెండుసార్లే కాదటండీ. బతికినన్నాళ్ళూ కింద కొత్తది మొలుస్తూనే ఉంటుంది. మొలిచేది పాతదాని వేరుని తినేస్తుంది. వేరు కరిగి పన్ను రాలిపోతుంది. వేరుతో దొరికిందంటే జంతువు చచ్చిపోయి దవడతో సహా పడిందన్నమాట. మార్కెట్లో దానికే గిరాకీ ఎక్కువ. ఈయనకి మాత్రం ఎవరైనా ఉట్టినే ఇచ్చినా అక్కర్లేదు."

"ఎందుకంత పట్టుదల?"

"పగలంతా పీకిన పళ్ళు చూస్తాను, సాయంత్రమైనా పీకనివి చూసుకోనీ అనేవారు." ఆవిడ ఆ పన్నుని అరచేతిలో ఒకసారి తిప్పింది. "ఊడిన పన్ను దొరికిన చోట చావు లేదు అనేవారు. అది రాలినరోజు ఆ జంతువు లేచి మేతకెళ్ళిపోయింది, నేనిప్పుడు దాని వెనకాలే నడుస్తున్నాను అనేవారు. నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు రోజూ ఈ గదిలో కూచుని, ఆయన కూడా అలాగే ఎటో నడుచుకుంటూ వెళ్ళారు, అంతే, అనుకుంటాను."

ఆవిడ ఆ పన్నుని వెంటనే సొరుగులో పెట్టలేదు, పిడికిట్లోనే ఉంచుకుంది. మనిషి మీద బెంగ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆయన వస్తువుల మీద పెట్టుకుంది ఆవిడ.

ఇన్‌స్పెక్టరు మాత్రం ఊరుకోలేదు. "అయితే ఏమైంది? మనిషి మారాడు, రుచి మారింది."

"రుచి సంగతే చూద్దాం," అన్నాను. "ఇందాక నేను చేస్తున్నది అదే. పాత పంటి లోపలిభాగం గుల్లగా ఉంటుంది. తడి తగిలితే పీల్చుకుంటుంది, నాలుకని పట్టేసుకుంటుంది. ఎముకో రాయో తెలియనప్పుడు పళ్ళు ఏరుకునేవాళ్ళంతా ఇలాగే నాకి చూస్తారట. టీచరుగారే చెప్పారు నాకు. ఇదిగో, పైసొరుగులోది. పెట్టుకో."

"నేనా?"

"మామగారితో చెప్పన్లే."

అటూ ఇటూ చూసి, పోలీసు టోపీ తీసి బల్ల మీద పెట్టి, నాలుక చాచాడు. గుంట ఉన్న వైపు ఆనించగానే పన్ను అంటుకుపోయింది. చెయ్యి వదిలేసినా వేలాడింది. ఇన్‌స్పెక్టరు కళ్ళు పెద్దవయ్యాయి. అడుగుసొరుగులోది ఇచ్చాను. వేరు వైపు ఎంత నొక్కినా అంటుకోలేదు. జారి చేతిలో పడింది.

"నున్నగా ఉంది," అన్నాడు నోరు తుడుచుకుంటూ.

"మీరెప్పుడైనా పరీక్ష చేశారా వీటిని?" టీచరమ్మని అడిగాను.

"లేదు." ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

పెళ్ళైన కొత్తలోనే ఈ పరీక్ష నేర్చుకున్నావిడ, భర్త పంపాడన్న పళ్ళ మీద ఒక్కసారి కూడా చెయ్యలేదంటే నాకు వింతగా అనిపించింది. ఆ వింతని పక్కన పెట్టి, క్లినిక్కులోంచి స్పిరిటు దీపం, సూది తెచ్చుకున్నాను. సూది కొన ఎర్రబడేదాకా కాల్చి, పంటి పైభాగం మీద పెట్టాను. ఏమీ కాలేదు, రాయి రాయిలాగే ఉంది. వేరు మీద పెట్టాను. సూది వెన్నలోకి దిగినట్టు దిగింది. సన్నటి పొగ వచ్చింది.

ఆ వాసన ఎవరికీ చెప్పనక్కర్లేదు. పళ్ళ డాక్టరు కుర్చీలో ఒక్కసారి కూచున్నవాడెవడూ మర్చిపోడు. ఇన్‌స్పెక్టరు చెయ్యి తనకు తెలియకుండానే తన దవడ మీదికి పోయింది.

"పళ్ళ సెట్లు చేసే మందు," అన్నాడు.

"అవును. పన్ను నిజమైనదే, డాక్టరుగారు పక్కన పడేసిన విరిగిన ముక్క అయ్యుంటుంది. వేరు కట్టుడు వేరు. రంగు కలిపి, అరగదీసి, మెరుగుపెట్టి అతికించారు. ఎంత బాగా అతికిందంటే అతుకు నాకు కంటికి కనపడలేదు, నాలుకకి తెలిసింది."

"అయితే పెరట్లో ఉన్నాడు కదా ఆ..."

"ఆగు. నువ్వు గర్జిస్తే వాడు గుడ్లు తేలేస్తాడు, ఇంకేం చెప్పడు. నన్ను మాట్లాడనీ."

"కేసు నాది!"

"మూసేశావుగా."

టీచరమ్మ మా వైపు తిరక్కుండానే అంది: "వాడిమీద అరవకండి. వాడు అసలే సరిగ్గా నిద్రపోవట్లేదు."

షెడ్డులో అతను సున్నపుదిమ్మల మధ్య కూచుని ఉన్నాడు. గోడ బల్లల మీద ఎవరెవరివో దవడల అచ్చులు, వాటి మధ్య ముఫ్ఫైయేళ్ళ మనిషి, అక్క పోలికే. చిన్న గిన్నెలో గులాబీరంగు పొడి, అందులో మందు చుక్కలు వేసి కలుపుతున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు.

"కూచో తమ్ముడూ, పని పాడవుతుంది," అన్నాను. "ఈ సెట్లన్నీ మీ బావగారి పేషెంట్లవేనా?"

"బావ లేరు కదండీ. బయటి డాక్టర్లకి చేస్తున్నాను. చుట్టుపక్కల ఊళ్ళకి నేనే పట్టుకెళ్ళి ఇచ్చి వస్తాను."

"ఏయే ఊళ్ళు?"

చెప్పాడు. వెనక నిలబడ్డ ఇన్‌స్పెక్టరు ఊపిరి గట్టిగా పీల్చడం వినిపించింది. పార్సిళ్ళ మీద ముద్రల్లో ఉన్న ఊళ్ళు అవే. నేను జేబులోంచి ఆ పన్ను తీసి, అతని ముందు సున్నపుదిమ్మ మీద పెట్టాను.

"చాలా ముచ్చటైన పని," అన్నాను. "ఆ గోధుమరంగు ఎలా కుదిర్చావో గానీ, నేనైతే మోసపోయాను. ఒక్కటే అర్థం కాలేదు. ముక్కని ముక్కలాగే పంపితే సరిపోయేది కదా, ఇంత కష్టపడి దానికి వేరు ఎందుకు పెట్టావు?"

"వేరు లేకుండా బోడిగా ఎలా పంపుతామండీ, అక్కకి..."

మాట నోట్లోనే ఆగిపోయింది. చేతిలో గిన్నె పక్కకి వంగి, గులాబీరంగు ముద్ద బల్ల మీద పడింది. జాలేసింది నాకు. దొంగ అయ్యుంటే తప్పించుకునేవాడు, పనివాడు కాబట్టి దొరికిపోయాడు. పుట్టిబుద్ధెరిగినప్పటినుంచీ మనుషుల నోళ్ళకే పళ్ళు చేసినవాడికి, వేరు లేని పన్ను సగం పన్నులా కనపడింది. సగం వస్తువు అక్కకి పంపడానికి చేతులు రాలేదు. బావకి ఏది ఇష్టమో మాత్రం ఎన్నడూ అడిగి తెలుసుకోలేదు.

ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "ఇంతేనా! అక్క ఏడుస్తుంటే చూడలేక బొమ్మలాట ఆడాడు. సరే, తప్పే. కానీ అన్నయ్యా, దీనివల్ల ఏం తేలింది? డాక్టరు ఎక్కడో హాయిగా ఉన్నాడు, బావమరిది ఇక్కడ పళ్ళు పంపుతున్నాడు. నా కేసు మూసినట్టే ఉంది."

"కొండని తవ్వి ఎలకని పట్టానంటావు."

"ఎలక కూడా కాదు, పన్ను."

"ఒక్కటి ఆలోచించు," అన్నాను. "రేపు పొద్దున్న డాక్టరు తలుపు కొట్టి లోపలికొచ్చాడనుకో. ఇవెవరు పంపారే అంటాడు. ఆట అక్కడితో అయిపోతుంది. ఆయన రేపు రావచ్చు, ఎల్లుండి రావచ్చు అనుకునేవాడెవడూ ఆయన పేరు మీద పార్సిల్ పంపడు. ఆయన ఇంక రాడని గట్టిగా తెలిసినవాడే పంపుతాడు."

బావమరిది రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు నడుము దగ్గరి బేడీల మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడు గుమ్మంలోంచి టీచరమ్మ గొంతు వినపడింది.

"నాకు మొదటి పన్నుకే తెలుసు."

ఆవిడ ఎప్పుడొచ్చి నిలబడిందో మేం చూడలేదు. తమ్ముడు మాత్రం తల ఎత్తలేదు.

"మా అమ్మకి సెట్టు చేసింది వీడే," అంది నాతో. "అంచు ఎక్కడా గుచ్చుకోకూడదని వీడు మెరుగుపెట్టే తీరు నాకు తెలియదా? డబ్బా విప్పి వేలితో తడమగానే తెలిసింది. నాలుకకి పెట్టుకోలేదు. పెట్టుకుంటే ఇంక నాతో నేను కూడా అబద్ధమాడలేను కదా అని."

"అక్కా, నువ్వు అన్నం మానేశావే," అన్నాడు వాడు. చిన్నపిల్లాడి గొంతు వచ్చింది. "పన్ను వచ్చిన రోజు తిన్నావు. అందుకని ఇంకోటి పంపాను."

"నువ్వు చూస్తున్నావని తిన్నానురా. తినకపోతే నాకు తెలిసిపోయిందని నీకు తెలుస్తుందని తిన్నాను."

ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, ఒకరికోసం ఒకరు ఇన్నాళ్ళు నటించారన్నమాట. ఆవిడ వచ్చి తమ్ముడి ఎదురుగా స్టూలు మీద కూచుంది.

"నేనే అడిగితే నువ్వు నిజం చెప్పేస్తావని, అది ఒక్కదాన్నే వినలేనని భయమేసింది. అందుకే బయటివాళ్ళని పిలిచాను," అంది. "ఇప్పుడు అడుగుతున్నాను. మీ బావ ఎక్కడ? ముందు ఒక్కమాట చెప్పు. నువ్వు ఏమన్నా..."

భర్త ఒక్కడే పోయాడా, తమ్ముడు కూడా పోయాడా అన్నది ఆ ఒక్క జవాబులో తేలిపోతుంది. ఇన్‌స్పెక్టరు ఏదో అనబోతే నేను భుజం పట్టి ఆపాను. ఆశ్చర్యం, ఆగాడు.

"పాత ఇటుకమట్టి క్వారీ," అన్నాడు వాడు. "ఎప్పుడూ రానివాణ్ణి, ఆరోజు నేనూ వస్తానన్నాను. తవ్విన మట్టిగోడలో అంచు ఒకటి తేలి ఉంది, అందులో పన్ను మెరుస్తోంది. కింద తవ్వకురా, పైది కూలుతుందన్నాడు బావ. ఆయన అటు తిరిగినప్పుడు గునపం వేశాను. నేనే తీసి చేతికిద్దామని. ఒక్కసారన్నా శభాష్ అంటాడని."

"ఊఁ," అంది టీచరమ్మ.

"గోడ మొత్తం వచ్చేసింది. బావ నడుముదాకా... తర్వాత మెడదాకా. నేను చేతుల్తో తవ్వుతున్నాను, పైనుంచి ఇంకా జారుతోంది. పిలిచాడక్కా."

"నన్నా?"

"నన్నే. దూరంగా జరగరా, ఇంకా పడుతుంది, జరుగు అన్నాడు. జరిగాను." వాడు మొహం చేతుల్లో దాచుకున్నాడు. "జరిగానక్కా. అంతే. మళ్ళీ పడింది. ఇంకేం వినపడలేదు. తవ్వాను, గోళ్ళు ఊడిపోయేదాకా తవ్వాను. నీకు ఏమని చెప్పను? స్కూటరు స్టేషన్ దగ్గర పెట్టి వచ్చేశాను."

టీచరమ్మ ఏడవలేదు. తమ్ముడి చేతులు లాక్కుని, వేళ్ళు ఒక్కొక్కటీ తిప్పి గోళ్ళు చూసింది. మళ్ళీ పెరిగాయి అవి, రెండు మాత్రం వంకరగా ఉన్నాయి. సెట్లు చేసేవాడి గోళ్ళు అలాగే ఉంటాయనుకుని ఇన్నాళ్ళు చూసీ చూడనట్టు వదిలేసి ఉంటుంది.

"ఇది హత్య కాదు," అన్నాను తోడల్లుడి చెవిలో. "శవాన్ని దాచడం, తప్పుదోవ పట్టించడం, అవి నీ సెక్షన్లు, నీ ఇష్టం. ముందు ఆయన్ని తీయించు."

అతను బేడీల మీంచి చెయ్యి తీసి ఫోను తీశాడు. ఎన్ని వెక్కిరింతలున్నా మనిషి చెడ్డవాడు కాదు. ఆ క్వారీ దగ్గరి పోలీసుస్టేషనుకి చేసి వివరాలు అడిగాడు. అడుగుతూ అడుగుతూ మొహం మారిపోయింది. ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగాడు.

"ఆ స్థలం అమ్ముడైపోయింది అన్నయ్యా. చదును చేస్తున్నారట. పొద్దుట్నుంచి మిషన్లు మట్టి పోస్తున్నాయట. సాయంత్రానికి గొయ్యి పూడిపోతుంది, ఆపైన రోలరు తిప్పుతారట."

"ఆపమను!"

"ఆపమన్నాను. కాంట్రాక్టరు కాయితం ఉంటేనే ఆపుతానంటున్నాడట. ఎప్పటిదో శవమైతే ఇంకో రోజు తవ్వుకుంటే పోయేదేముంది అంటున్నాడట."

టీచరమ్మ లేచి నిలబడింది. తమ్ముడి చెయ్యి వదల్లేదు.

"శవమని ఎందుకు చెప్పారు?" అంది.

"మేడమ్..."

"లోపల మనిషి ఉన్నాడని చెప్పండి. మనిషి ఉన్నాడంటే ఆపుతారు."

"అమ్మా, అది అబద్ధం కదా, రేపు నేను..."

"మనిషి ఉన్నాడని చెప్పండి," అంది మళ్ళీ. గొంతు పెంచలేదు. క్లాసులో ఒకే లెక్క రెండోసారి చెప్పినట్టు చెప్పింది. తర్వాత తమ్ముణ్ణి పట్టుకుని బయట ఆగి ఉన్న పోలీసు జీపు వైపు నడిచింది, చోటు చూపించాలి పదరా అంటూ.

ఇన్‌స్పెక్టరు నా మొహం చూశాడు. నేను తల ఊపాను. అతను ఫోను చెవి దగ్గర పెట్టుకుని, వాళ్ళ వెనకాలే పరుగెడుతూ అరిచాడు.

"మిషన్లు ఆపించండి! లోపల మనిషి ఉన్నాడు!"